పాత టోపీ: హోదా, మతం, శ్రమ

పాతటోపీలను సంపాదించి, దుమ్ము దులిపి, చిరుగులు కుట్టి, ఆవిరి పట్టి, మళ్ళీ తలమీద పెట్టుకొనే వ్యాసంగం నేడు అనేక దేశాలలో ఉంది. తీరికగలవారి సరదా అని దీనిని కొట్టివేసేవారు కొందరు. గతవైభవాన్ని పునరుద్ధరించే ఘనకార్యమని మురిసిపోయేవారు మరికొందరు. ఈ రెండు అభిప్రాయాలూ పాక్షికమైనవే. టోపీ అంటే ఉన్నీ దారమూ మాత్రమే కాదు. దానిని ఎవరు పెట్టుకోవాలి, ఎవరి ముందు తీయాలి, ఎవరి చేతులు దానిని తయారుచేయాలి అన్న నియమాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. ఆ నియమాలను మరచి టోపీని మాత్రం బాగుచేసుకుంటే మిగిలేది ఉత్త అలంకారమే. ఒకప్పుడు నిజాం రాజ్యంలో మెదకు జిల్లాకు చెంది, 2016లో తానే ఒక జిల్లా అయిన సిద్దిపేటవంటి ప్రాంతానికి ఈ చరిత్ర తెలియడం మరింత అవసరం. ఎందుకంటే ఇక్కడి పాత ఇంట్లో ఏ పెట్టె అడుగునో ఒక రూమీ టోపీ దొరికితే, దానిని చూడగానే మనవారిలో చాలామంది వేసే మొదటి ప్రశ్న: ఇది ఏ మతానిది?

ఈ ప్రశ్నే తప్పని చరిత్ర చెబుతున్నది. తిరుమల ఆలయంలో దేవేరులిద్దరితో నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహాన్ని చూడండి. తలమీద ఉన్నది పొడవైన కుళ్ళాయి. కుళ్ళాయి అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా రాయల తలమీది జరీటోపీని వర్ణించాడు. లేపాక్షి కుడ్యచిత్రాలలోని పురుషులలోనూ ఈ టోపీలు కనిపిస్తాయి. అంటే పదహారవ శతాబ్దపు తెలుగు, కన్నడ ప్రభువులకు అది పరమతచిహ్నం కాదు; నాటి నాగరిక లోకమంతటా చెలామణి అయిన దర్బారు దుస్తు. అయితే కొలువుకు వచ్చే కవికి అదే దుస్తు ఎంత బరువయిందో శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువు తెలుపుతుంది. ప్రౌఢదేవరాయల దర్శనంకోసం కుళ్ళాయి పెట్టి అలవాటులేని వేషం కట్టవలసి వచ్చిందని అందులోని బాధ. అక్కడ కవిని నొప్పించింది మతం కాదు, అధికారం.

రూమీ టోపీ కథ ఇంకా విచిత్రమైనది. రూమీ అనగా రూముకు, అంటే రోముకు చెందినది. తూర్పు రోమను చక్రవర్తులు ఏలిన నేలను ముస్లిం ప్రపంచం రూం అనేది. ఆ నేలను ఏలిన తురుష్క సుల్తాను రెండవ మహ్మూదు 1826లో జానిసరీ సైన్యాన్ని రద్దుచేసి, 1829లో ఉద్యోగులందరూ తలపాగా విడిచి ఈ ఎర్రటోపీ పెట్టుకోవాలని శాసించాడు. తలపాగాను చూసి మతాన్నీ, అంతస్తునూ గుర్తించే పాతపద్ధతిని తుడిచివేయడం అతని ఉద్దేశం. కనుక ఈ టోపీ పుట్టినప్పుడు మతభేదాన్ని మరుగుపరచే కొత్తవస్తువు. పైగా అది పెద్దఎత్తున తయారైనది ఎక్కడ? ఆస్ట్రియా సామ్రాజ్యంలో, నేటి చెక్ దేశంలోని స్ట్రాకోనిత్సేవంటి పట్టణాల మిల్లులలో. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలుపుకున్నప్పుడు తురుష్కులు ఆస్ట్రియా సరుకును బహిష్కరించారు. ఆ ఆగ్రహంలో తమ తలలమీది టోపీలనే చించి పారవేశారు. తరువాత 1925 నవంబరులో ముస్తఫా కెమాల్ ప్రభుత్వం చట్టంచేసి ఆ టోపీనే నిషేధించింది. నూరేళ్ళు తిరగకముందే కొత్తదనానికి గుర్తయిన వస్తువు పాతదనానికి గుర్తయింది. ఎదిరించిన వారిలో కొందరిని ఉరితీశారు కూడా. ఒక టోపీ పెట్టించడానికీ, తీయించడానికీ కూడా రాజ్యశక్తి ఎంత దూరం పోగలదో ఇందువల్ల విదితమవుతుంది.

తుర్కీలో పోయిన టోపీ హైదరాబాదులో నిలిచింది. షేర్వానీ, రూమీ టోపీ ఉద్యోగివర్గపు వేషమయ్యాయి. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ ధరించారు. నిజాం దర్బారుకు పోవాలంటే దస్తారూ, నడుముకు బగ్లూసూ తప్పనిసరి. ఇక ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాసిన పాతటోపీ లోకప్రసిద్ధం. 1937లో టైం పత్రిక ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని కీర్తించిన మనిషి ఏళ్ళతరబడి ఒకే టోపీతో గడపడం కొందరికి నిరాడంబరత, కొందరికి వింత, కొందరికి పిసినారితనం. కాని అదే మాసిన టోపీ ఒక గుమాస్తా తలమీద ఉంటే దానికి పెట్టేపేరు ఒక్కటే: పేదరికం. పాతవస్తువును ఇష్టపడి ధరించడం వేరు, గతిలేక ధరించడం వేరు. నేటి పాతటోపీల అభిమానులు మరవకూడని భేదం ఇది.

దర్బారులో తలకప్పుకోవడం మర్యాద అయితే, పల్లెలో దొరముందు తలగుడ్డ తీయడం మర్యాద. గడీ ముందర రైతు తలరుమాలు నడుముకు చేరేది. చెప్పులు చేతికి వచ్చేవి. ఎండకూ వానకూ రక్షణ అయిన మూరెడు గుడ్డ వెట్టి వ్యవస్థలో అణకువకు కొలత అయింది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం భూమినీ వెట్టినీ గురించినదే కాదు, తలెత్తి నిలబడడం గురించినది కూడా. నేడు సిద్దిపేట జిల్లాలో చేరిన భైరాన్‌పల్లి 1948 ఆగస్టు 27న రజాకార్ల మూకుమ్మడి హత్యాకాండకు గురయింది. ఆ ఊరు చెల్లించిన మూల్యం తెలిసినవారు తలరుమాలును ఉత్త వేషంగా చూడలేరు. ఆంధ్రప్రాంతంలో కూడా 1930 ఉప్పు సత్యాగ్రహపు రోజుల్లో గుంటూరులో అధికారులు గాంధీటోపీని నిషేధించారు. రెండు చేతుల ఖద్దరుముక్క సామ్రాజ్యాన్ని భయపెట్టింది.

ఇక టోపీ చేసినవాని మాట. కుందేటి బొచ్చును ఫెల్టుగా మార్చడానికి ఐరోపా, అమెరికా కార్ఖానాలు పాదరసపు లవణాలను వాడాయి. ఆ ఆవిరి పీల్చిన కార్మికుల చేతులు వణికేవి, మాట తడబడేది, మతి చలించేది. అమెరికాలో ఈ పద్ధతి 1941లోగాని ఆగలేదు. ఆనాటి టోపీల ఫెల్టులో పాదరసం ఈనాటికీ మిగిలి ఉండవచ్చు. కనుక వాటికి ఆవిరి పట్టేవారు గాలి బాగా ఆడేచోట పనిచేయాలి. పెద్దమనిషి సొగసుకోసం పనివాడు మింగిన విషానికి అది ఇంకా చెరగని సాక్ష్యం. మన ప్రాంతంలో దక్కనీ గొర్రె నల్లఉన్నిని స్త్రీలు వడికితే, కురుమలు గుంటమగ్గంపై గొంగడి నేసి, చింతగింజల గంజితో బిగువు తెచ్చేవారు. వానలో తలమీదికి మడిచి కప్పుకుంటే కాపరికి అదే టోపీ, అదే గొడుగు, అదే పడక. సిద్దిపేట చేనేతకు పేరుతెచ్చిన గొల్లభామ చీరమీది బొమ్మలో స్త్రీ తలమీద ఉన్నదేమిటి? కిరీటం కాదు, కుండ. శ్రమచేసే తల చరిత్రకు అంతకన్న మంచి గుర్తు అక్కరలేదు.

కాబట్టి పాతటోపీని బాగుచేయడమంటే దానిని కొత్తదిగా నటింపజేయడం కాదు. రూమీ టోపీని నీటిలో నానబెట్టకూడదు. మెత్తని బ్రష్షుతో దులిపి, ఆవిరి పట్టి, ఇత్తడి అచ్చుమీద బిగించాలి. వదులైన కుచ్చును పాతకుట్టు వెంటనే కుట్టాలి. లోపలి అంచుమీది చెమటమరకను పూర్తిగా పోగొట్టే ప్రయత్నం చేయకపోవడమే మేలు. ఒక మనిషి బ్రతికిన గుర్తు అది. దానితోపాటు, ఆ టోపీ ఎవరిది, ఏ ఉద్యోగానికి పెట్టుకున్నాడు, ఎక్కడ కొన్నాడు అన్న సంగతులు ఇంటి పెద్దలను అడిగి రాసిపెట్టాలి. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను కాక ప్రజల తిండినీ బట్టనూ చరిత్రగా నిలిపింది. ఆ పని ఆయనతో ముగియలేదు. దొర దస్తారుకు అద్దాలపెట్టె దొరుకుతుంది. రైతు తలరుమాలు చిరిగి పీలికలై పోతుంది. మనం వెదకి దాచవలసినది ముందుగా ఆ రెండవదానిని.