మద్యం, మన రక్తంలోని కాపలావాళ్ళు

మద్యం తాగితే కాలేయం చెడిపోతుందని అందరం చదువుకున్నాం. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలను కూడా అది దెబ్బతీస్తుందని చాలామందికి తెలియదు. ఈ సంగతి మనుషులకు ఎలా తెలిసిందో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే వైద్యుడు 1780ల దశకంలోనే, ఘాటైన సారాయి వల్ల వచ్చే జబ్బుల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. తర్వాత కూడా, బాగా తాగేవాళ్ళకు న్యుమోనియా, క్షయ ఎక్కువగా రావడం డాక్టర్లు చూస్తూ వచ్చారు. ఎందుకు వస్తున్నాయో మాత్రం అంతుపట్టలేదు.

1882లో దారి దొరికింది. ఆ ఏడాది జర్మనీలో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుక్కున్నాడు. అదే ఏడాది ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే శాస్త్రజ్ఞుడు సముద్ర నక్షత్రం పిల్లకు ముల్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన ఒంట్లోనూ ఇలాంటి కణాలు క్రిములను మింగేస్తాయని ఆయన చెప్పాడు. 1908లో ఆయనకు, పాల్ ఎర్లిక్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ కణాల మీద మద్యం ఏం చేస్తుందో 20వ శతాబ్దంలో పరిశోధకులు చూశారు. క్రిమి చేరిన చోటికి తెల్ల కణాలు త్వరగా వెళ్ళలేవు. ఊపిరితిత్తుల్లో క్రిములను మింగే కణాల శక్తి తగ్గుతుంది. ఎముక మజ్జలో కొత్త కణాల తయారీ కూడా మందగిస్తుంది. జలుబుకు బ్రాందీ మంచిదని మా ఊళ్ళో అంటుంటారు. తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై ఒళ్ళు వెచ్చగా అనిపిస్తుంది, అంతే. జలుబు తగ్గదు.

మా హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టిన రాజాజీ, మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యపాన నిషేధం తెచ్చారు. అప్పుడు హోసూరు కూడా ఆ జిల్లాలోదే. ఆ నిషేధం గురించి చెప్పేవాళ్ళు కూలి డబ్బుల మాటే ఎక్కువగా చెప్తారు. రక్తంలోని ఈ కాపలావాళ్ళ మాట ఎవరూ ఎత్తరు.

నేను ఈ విషయం ఎంచుకోవడానికి కారణం మా పెదనాన్న. ఆయనకు క్షయ. మాత్రలు మానలేదు, తాగుడూ మానలేదు. మాత్రలు క్రిములను చంపుతుంటే, సాయం చేయాల్సిన కణాలను మద్యం పడుకోబెడుతోంది. ఈ పత్రిక చేతికి రాగానే ఆయనకే ముందు చదివి వినిపిస్తాను.