నీటిమీద రాత

నిలవని మాటను మనవాళ్లు నీటిమీద రాత అన్నారు. ఆ మాట పుట్టిన రోజుల్లో సముద్రం మీద సరిహద్దులు లేవు. ఇప్పుడున్నాయి. కంటికి కనబడని, చేతికి తగలని, ఎన్ని అలలొచ్చినా చెరగని గీత అది. దాన్ని దాటిన పాపానికి శ్రీకాకుళం, విజయనగరం తీరాల మత్స్యకారులు 2018 నవంబరు చివరినుంచి 2020 జనవరి దాకా కరాచీ జైల్లో గడిపారు. తిరిగొచ్చారు కదా, ఇంకా ఏడుపెందుకు అంటారేమో. నిజమే, మనుషులు తిరిగొచ్చారు. ఒక తీరం మాత్రం వాళ్లు పట్టుబడకముందే, చాలాకాలం ముందే, చప్పుడు లేకుండా ఒరిగిపోయింది. నా దిగులు దానికోసం.

ఈ మాటలు రాస్తున్నది సముద్రానికి ఎంతో దూరాన, అమీర్‌పేటలో కూర్చుని. ఇక్కడ సరిహద్దు అంటే నీరు కాదు, కాగితం. మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు. పంజాగుట్ట వైపు నడిస్తే వీసా కన్సల్టెన్సీల బోర్డులు. ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉన్నన్నాళ్లూ ఆ మెట్ల దగ్గర పొద్దున్నే ఫైళ్లు గుండెకు హత్తుకున్న పిల్లలు కనబడేవారు. ఏ దేశానికి ఏ కాగితం కావాలో, బ్యాంకులో ఎంత చూపాలో, విమానాశ్రయంలో అధికారి ఏమడిగితే ఏం చెప్పాలో వాళ్లకు కంఠతా వచ్చు. హాస్టల్ మెస్సులో "ఏట్రా, స్లాట్ దొరికిందేటి?" అన్న గొంతు వినబడితే, ఆ కుర్రాడిది ఏ జిల్లానో వేరే చెప్పనక్కర్లేదు.

అదే శ్రీకాకుళం జిల్లాలో, అదే ఈడు కుర్రాళ్లు ఇంకొందరు ఆమదాలవలసలో రైలెక్కి గుజరాత్‌లోని వీరావల్ పోతారు. వీళ్లదీ పడమటి దారే. జేబులో ఆధార్ కార్డు ఉంటుంది, మత్స్యకారుడి గుర్తింపు కార్డు ఉంటుంది. పాస్‌పోర్టు ఉండదు. ఎందుకుండాలి? వాళ్లు పరదేశం పోవడం లేదు, పనికి పోతున్నారు.

పరదేశం పోవడం ఆ తీరానికి కొత్త కాదు. బంగాళాఖాతానికి ఆవలనున్న రంగూన్‌ను అక్కడి ముసలివాళ్లు రంగం అనేవారు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవులనుంచి మనుషులు ఆ రంగానికి పక్క ఊరికి పోయినట్టు పోయేవారు. రెండేళ్లో మూడేళ్లో కష్టపడి, డబ్బూ కబుర్లూ మూటగట్టుకుని వచ్చేవారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియానుంచి విడదీసేదాకా అది మరో దేశమే కాదు. ఒక్క తెల్లవారుజామున అది పరాయిదైపోయింది. కడలి అదే, గాలి అదే, నడుమ గీత మాత్రం కొత్తది. ఆ తీరానికి తగిలిన తొలి దెబ్బ అదేననిపిస్తుంది నాకు. తరవాత యుద్ధం వచ్చింది, రంగూన్‌మీద బాంబులు పడ్డాయి, పోయినవాళ్లు కాలినడకన, కాందిశీకులై తిరిగొచ్చారు. రేవులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. కళింగపట్నంలో దీపస్తంభం మిగిలింది.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉందని ప్రతి సర్కారూ గొప్పగా చెప్పింది. ఆ తీరంలో మరపడవ నిలిపే ఫిషింగ్ హార్బర్ మాత్రం ఒక్కటీ లేకపోయింది. తెప్ప వేసుకుని ఎంతదూరం పోగలరు? పైడిభీమవరం వైపు పరిశ్రమల వ్యర్థాలు ఒడ్డు చేపను తరిమేశాయని మత్స్యకారులు ఏళ్లతరబడి మొత్తుకున్నారు. వేటనిషేధం రెండు నెలలు, తుపాన్లు రెండు నెలలు. మిగిలిన రోజుల్లో పడే చేప అప్పుకే చాలదు. ఇక్కడొక జెట్టీ కట్టి ఉంటే, నాలుగు మరపడవలకు నీడ దొరికి ఉంటే! ఈ కథలో "ఉంటే" అనుకోవలసిన చోట్లు చాలా ఉన్నాయి. మొదటిది ఇదే, అన్నిటికన్నా నొప్పెట్టేదీ ఇదే. కడలి గుమ్మం ముందే పెట్టుకున్నవాడు చేపకోసం దేశానికి అవతలి ఒడ్డుదాకా కూలికి పోవడంకన్నా పతనం ఏముంటుంది?

ఆగస్టులో సీజను మొదలు. పడవ నడిపే తండేలు, అతని కింద ఏడెనిమిదిమంది ఖలాసీలు. ఐసు, బియ్యం, డీజిలు వేసుకుని ఒక్కో వేట పదిహేను ఇరవై రోజులు. గుజరాత్ తీరాన చేప తగ్గేకొద్దీ పడవ ముక్కు వాయవ్యానికి తిరుగుతుంది. అటు కచ్ చివర సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల బురదపాయ ఉంది. సరిహద్దు దాని నడుమనుంచి పోతుందని మనం, తూర్పు ఒడ్డునుంచి పోతుందని పాకిస్తాన్. 1914 నాటి ఒక తీర్మానాన్ని చేతబట్టుకుని రెండు దేశాలూ ఈనాటికీ వాదించుకుంటున్నాయి. పాయలో గీత తేలనప్పుడు సముద్రంలో మాత్రం ఎక్కడ తేలుతుంది? రెండు రాజధానులు తేల్చుకోలేని లెక్కను చీకట్లో వల లాగుతున్న ఖలాసీ తేల్చుకోవాలి.

సొంత నౌకమీద దేశాలు తిరిగే షికారు నావికులకు ఒక మర్యాద ఉంది. బయలుదేరేముందు రేవు అనుమతి, కస్టమ్స్ ముద్ర, పాస్‌పోర్టులో నిష్క్రమణ ముద్ర, నౌకలో ఉన్నవాళ్ల జాబితా. కొత్త దేశపు జలాల్లోకి రాగానే పచ్చజెండా కాదు, పసుపుజెండా ఎగరేస్తారు. మేమొచ్చాం, మమ్మల్ని పరిశీలించండి అని దానర్థం. అనుమతి వచ్చేదాకా నౌక యజమాని తప్ప ఎవరూ ఒడ్డున కాలు పెట్టరు. పని పూర్తయ్యాక పసుపుజెండా దించి, ఆ దేశపు జెండా కట్టుకుంటారు. ఎంత అందమైన పద్ధతి! కాగితాలు సరిగా లేకపోయినా చాలాచోట్ల జరిమానాతో పోతుంది. చేపలవాడి పడవకు ఆ పసుపుగుడ్డ లేదు. 2008లో ముంబైమీదికి వచ్చిన హంతకులు కుబేర్ అనే మన చేపల పడవనే చేజిక్కించుకుని వచ్చారు. ఆనాటినుంచి ఈ నీళ్లలో ఏ పడవనైనా ముందు అనుమానించి, తరవాతే మనిషిని చూడటం మొదలైంది.

సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 73వ అధికరణం ఒకటుంది. తీరానికి ఆవల, ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట తప్పులకు, దేశాలమధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలుశిక్ష వేయకూడదని అది చెబుతుంది. ఇండియా, పాకిస్తాన్ రెండూ దానికి ఆమోదం తెలిపాయి. 2018 నవంబరు చివర పాకిస్తాన్ గస్తీ నౌకలు మన పడవల్ని చుట్టుముట్టినప్పుడు ఆ అధికరణం ఎక్కడుందో! పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం చుట్టుపక్కలవాళ్లు. తెలియకుండా దాటామన్నారు. కడలిలో తెలియకపోవడం నేరం.

జైల్లో పడ్డాకైనా తలుపు తెరుచుకునే క్షణాలు రాకపోలేదు. అవి తలచుకుంటేనే గుండె పట్టేస్తుంది. ఖైదీల గోడు వినడానికి రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులతో ఒక సంఘం ఉండేది. 2013 తరవాత అది సమావేశమే కాలేదు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. మనుషులు జాబితాలో పేర్లై అటూ ఇటూ తిరిగారు, కాళ్లతో మాత్రం తిరిగిరాలేదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, ఆ వెంటనే బాలాకోట్ దాడి. ఆకాశంలో విమానాలు తలపడుతుంటే కరాచీలో తెలుగు మాట్లాడే ఖైదీ సంగతి ఎవరికి పడుతుంది? అయినా ఏప్రిల్‌లో ఒక వెలుగు కనిపించింది. సుహృద్భావంతో 360 మందిని వదులుతున్నామని పాకిస్తాన్ ప్రకటించింది. అందులో 355 మంది మత్స్యకారులే. ఆ వార్త విన్న పూట మత్స్యలేశంలో ఎన్ని పొయ్యిలు కాస్త ముందుగా వెలిగి ఉంటాయో. మనవాళ్లకు ఆ గేటు తెరుచుకోలేదు. ఆగస్టులో కశ్మీర్ ప్రతిపత్తి మారింది, రాయబారులు వెనక్కి పోయారు, ఉన్న దారీ మూసుకుపోయింది. గీత దాటినందుకు కాదు, గీతకు రెండువైపులా ఉన్న కోపానికి వాళ్లు శిక్ష అనుభవించారు.

2020 జనవరి 6న వాఘాలో 20 మందిని అప్పగించారు. నీటిమీద పట్టుబడ్డవాళ్లు నేలమీద దేశంలో అడుగుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం తలా 5 లక్షలు ఇచ్చింది. మంచిదే. పదమూడు నెలల్లో ఇంటిదగ్గర పెరిగిన అప్పు, తండ్రి చేయి అందకుండానే నడక నేర్చిన పిల్లలు, "నాన్న ఎప్పుడొస్తాడే అమ్మా" అన్న ప్రశ్నకు రోజుకో అబద్ధం చెప్పి అలసిపోయిన తల్లులు... ఇవి ఏ జాబితాలోనూ ఇచ్చిపుచ్చుకునేవి కావు. వాఘాలో పడవలు అప్పగించరు. కరాచీ పోయిన పడవల్లో చాలావాటికి తిరుగుదారి ఉండదు. కట్టుకొయ్యల దగ్గరే వానకూ ఎండకూ చివికిపోతాయి.

2025 ఫిబ్రవరిలో ఈ కథే తండేల్ అనే సినిమాగా వచ్చింది. ఇక్కడి థియేటర్ల ముందు కుర్రాళ్లు ఈలలు వేశారు, పాటలకు గొంతు కలిపారు. ఆ ఈలలమీద నాకు కోపం లేదు. ఆ వచ్చినవాళ్లలో సిక్కోలు హాస్టల్ పిల్లలూ ఉండే ఉంటారు, ఫోన్లలో వీసా స్లాటు తేదీలు చూసుకుంటూ. తెరమీద ప్రేమ గెలిచింది. బయట ఉన్న ఒడ్డు సంగతి చెప్పడానికి సినిమాకు తీరికుండదు.

ఇంకొక్క సంగతి. 2020 ఏప్రిల్ ఆఖరున, లాక్‌డౌన్ నడుమ, గుజరాత్‌నుంచి ఆంధ్రాకు బస్సులు వరసగా బయలుదేరాయి. వీరావల్ రేవులో చిక్కుకుపోయిన మన మత్స్యకారుల్ని ఇళ్లకు చేర్చడానికి. వాళ్లు వేలల్లో ఉన్నారు. కరాచీనుంచి ఆ 20 మంది వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు.