స్క్రిప్టింగ్ భాషల్లో సత్యాసత్య విలువలు

షరతును పరీక్షించేటప్పుడు ఏ విలువను సత్యంగా, దేన్ని అసత్యంగా లెక్కించాలో తెలిపే నియమాలు ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ ఉంటాయి. ఇఫ్, వైల్ వంటి ఆదేశాల దగ్గర ట్రూ, ఫాల్స్‌లతో పాటు సంఖ్యలను, స్ట్రింగ్‌లను, లిస్టులను కూడా చాలా స్క్రిప్టింగ్ భాషలు అనుమతిస్తాయి. వాటిలో ఏది అసత్యమన్నది భాషను బట్టి మారుతుంది.

మూలాలు

1950ల చివర్లో జాన్ మెకార్తీ రూపొందించిన లిస్ప్‌లో ఖాళీ లిస్టుకూ అసత్యానికీ నిల్ ఒక్కటే గుర్తు. 1970ల తొలినాళ్లలో పుట్టిన సీ భాషలో మొదట బూలియన్ రకం ఉండేది కాదు. సున్నా అసత్యం, తక్కిన సంఖ్యలన్నీ సత్యం. యూనిక్స్ షెల్ పద్ధతి దీనికి తలకిందులు. కమాండ్ సవ్యంగా ముగిస్తే 0 వస్తుంది, అదే సత్యం. విజయం ఒక రకమే, వైఫల్యాలు అనేకం. మిగిలిన సంఖ్యలు వాటి కారణాలను తెలుపుతాయి.

పెర్ల్, పీహెచ్‌పీ

లారీ వాల్ 1987లో విడుదల చేసిన పెర్ల్‌కు టెక్స్ట్‌ను సవరించడమే ప్రధానమైన పని. ఫైలు నుంచి చదివిన సున్నా స్ట్రింగ్‌గానే అందుతుంది, అవసరాన్ని బట్టి సంఖ్యగా మారుతుంది. అందుకే ఖాళీ స్ట్రింగ్‌తో పాటు "0" కూడా ఇందులో అసత్యం. "0.0", "00" మాత్రం సత్యాలే.

1995లో వచ్చిన పీహెచ్‌పీలోనూ "0" అసత్యమే. ఖాళీ అర్రే కూడా అంతే. ఇందులో తరచూ ఎదురయ్యే పొరపాటు, ఒక స్ట్రింగ్‌లో మరొకటి ఏ స్థానంలో ఉందో తెలిపే స్ట్ర్‌పాస్ ఫంక్షన్‌తో వస్తుంది. "అమరావతి"లో "అమ" కోసం వెతికితే అది మొదట్లోనే ఉంది కనుక జవాబు 0. అసలు లేకపోతే జవాబు ఫాల్స్. ఇఫ్ ఈ రెండింటినీ ఒకేలా చూస్తుంది. రకాన్ని కూడా పోల్చే "===" గుర్తుతోనే తేడా తెలుస్తుంది.

పైథాన్, రూబీ, లువా, జావాస్క్రిప్ట్

పైథాన్ (1991)లో సున్నా, నన్, ఖాళీ స్ట్రింగ్, ఖాళీ లిస్ట్, ఖాళీ డిక్షనరీ అసత్యాలు. "0" ఖాళీ కాదు కనుక సత్యం. బూలియన్ రకం 2003లో 2.3 వెర్షన్‌తో చేరింది. ఏ వస్తువుకైనా దాని సత్యాసత్యాలను దాని క్లాసే నిర్ణయించుకోవచ్చు. ఈ వెసులుబాటు వల్ల సమయాన్ని తెలిపే వస్తువుల్లో అర్ధరాత్రి అసత్యమైంది. సమయం ఇచ్చారా లేదా అని ఇఫ్‌తో పరీక్షించిన ప్రోగ్రాములు అర్ధరాత్రిని ఇవ్వనట్టే లెక్కించేవి. 2015 నాటి 3.5 వెర్షన్ దీన్ని సరిదిద్దింది.

రూబీ (1995)లో నిల్, ఫాల్స్ తప్ప అన్నీ సత్యాలే, సున్నాతో సహా. లువాలోనూ ఇదే నియమం. అయితే ఫాల్స్ అందులోకి 2003లో 5.0 వెర్షన్‌తో వచ్చింది.

జావాస్క్రిప్ట్ (1995)లో ఫాల్స్, సున్నా, ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్, న్యాన్ అసత్యాలు. ఖాళీ అర్రే సత్యం. అయినా దాన్ని "=="తో ఫాల్స్‌తో పోలిస్తే సమానమనే వస్తుంది. ఆ పోలికలో అర్రే ముందు ఖాళీ స్ట్రింగ్‌గా, తర్వాత సున్నాగా మారడమే కారణం.

తర్వాతి మార్పులు

విలువ లేనప్పుడు మరొకటి వాడేందుకు "||" రాయడం పెర్ల్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ అలవాటు. దీనివల్ల కావాలని ఇచ్చిన సున్నా కూడా కొట్టుకుపోయేది. లేకపోవడాన్ని మాత్రమే పరీక్షించే గుర్తులు అందుకే వచ్చాయి: పెర్ల్‌లో 2007లో "//", పీహెచ్‌పీలో 2015లోనూ జావాస్క్రిప్ట్‌లో 2020లోనూ "??". పాత ప్రోగ్రాములు ఆధారపడి ఉన్నందున ఇఫ్ నియమాలు మాత్రం ఈ భాషల్లో అలాగే కొనసాగుతున్నాయి.