సంగీత చరిత్రలో ఫిబ్రవరి 11

ఒక గళం రికార్డుకెక్కగా, రెండు గళాలు మూగబోయిన తేదీ ఇది.

1963: లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ బృందం తమ తొలి ఆల్బమ్‌లోని 14 పాటల్లో పదింటిని ఒక్కరోజులోనే రికార్డు చేసింది. జాన్ లెనన్ జలుబుతో బాధపడుతుండటంతో, గొంతు చించుకుని పాడవలసిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను రాత్రి చివరికి ఉంచారు. తొలి ప్రయత్నంలో పాడినదే ఆల్బమ్‌లో చోటుచేసుకుంది.

1974: అమర గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు మద్రాసులో 51 ఏళ్ల వయసులో కన్నుమూశారు. విజయనగరంలో మధుకరంతో కడుపు నింపుకుంటూ సంగీతం అభ్యసించిన ఆయన, జీవిత చరమాంకంలో ఆలపించిన భగవద్గీత నేటికీ తెలుగునాట వినిపిస్తోంది.

2012: అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ (48) గ్రామీ అవార్డుల ప్రదానానికి ముందురోజు బెవర్లీ హిల్స్‌లోని హోటల్‌లో మరణించారు. 1992లో విడుదలైన ఆమె పాట 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' బిల్‌బోర్డ్ జాబితాలో 14 వారాలు అగ్రస్థానంలో నిలిచింది.