ఈ మెయిల్ పంపిందెవరు? పాత ‘ఫ్రమ్’ కమాండ్ కథ

మొన్న మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆఫర్ లెటర్ వస్తే డిపాజిట్ కట్టేశా. ఇప్పుడు రిప్లై లేదు" అన్నాడు. మెయిల్ పైన పెద్ద కంపెనీ పేరే ఉంది. మరి ఆ పేరు ఎవరు రాశారు? ఇది తెలియాలంటే 40 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో యూనిక్స్ అంటే ఒక పెద్ద కంప్యూటర్, దానికి చాలా టెర్మినల్స్. మీకొచ్చిన మెయిల్స్ అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో, ఒకదాని కింద ఒకటి చేరేవి. ఒక్కో మెయిల్ ‘ఫ్రమ్’ అనే మాటతో మొదలయ్యేది. ఆ లైన్లోనే పంపినవాళ్ల అడ్రస్, తేదీ ఉండేవి. మరి ఉత్తరం మధ్యలో ఎవరైనా అదే మాటతో లైన్ మొదలుపెడితే? కొత్త మెయిల్ అనుకోకుండా దాని ముందు గ్రేటర్ దాన్ గుర్తు తగిలించేవారు!

బర్కిలీ యూనిక్స్‌లో ‘ఫ్రమ్’ అని టైప్ చేస్తే ఆ లైన్లు మాత్రం ఏరి చూపించేది. మెయిల్ తెరవకుండానే ఎవరు రాశారో తెలిసిపోయేది. 1980లో అక్కడే జాన్ ఫోడెరారో ‘బిఫ్’ రాశాడు. కొత్త మెయిల్ రాగానే అది స్క్రీన్ మీద చెప్పేది. అంటే నోటిఫికేషన్‌కి తాత అన్నమాట. బిఫ్ అనేది క్యాంపస్‌లో తిరిగే ఒక కుక్క పేరు.

ఒక్క విషయం గమనించండి. ‘ఫ్రమ్’ ఉన్నది చదివేదే కానీ, నిజమో కాదో చూసేది కాదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ రూల్స్ కూడా అంతే. పంపేవాడు ఏ అడ్రస్ చెబితే అదే. ఆ నెట్‌వర్క్‌లో ఉన్నది కొద్దిమందే కాబట్టి నడిచిపోయింది. తర్వాత ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే చెకింగ్‌లు వచ్చాయి.

మా జూనియర్ మెయిల్‌ని బ్రౌజర్‌లో ‘షో ఒరిజినల్’ నొక్కి చూశాను. మూడూ పాస్! ఎందుకంటే అది మామూలు ఫ్రీ అకౌంట్ నుంచి నిజంగానే వచ్చింది. కంపెనీ పేరు మాత్రం వాడు సెట్టింగ్స్‌లో టైప్ చేసుకున్నది. ఈ చెకింగ్‌లు చూసేది డొమైన్‌ని, ఆ పేరుని కాదు.

పాత కమాండ్ కనీసం అడ్రస్ చూపించేది. మన ఫోన్ ముందు చూపించేది పేరే. అందుకే డబ్బు మాట రాగానే ఆ పేరు మీద ఒక్కసారి నొక్కండి. ‘ఎట్’ గుర్తు తర్వాత ఏముందో అక్షరం అక్షరం చదవండి. వాడు ఆ ఒక్క పని చేసుంటే డబ్బు మిగిలేది.