మామ నోట్ల ఎవరి గొంతు

మా మేనమామ ఒకే ఒక్క సినిమాలో చేశాడు. ఏ సినిమానో, ఏ స్టూడియోలో తీశారో చెప్పమంటే ఇప్పటికీ నవ్వి తప్పించుకుంటాడు. నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియో పెట్టాక ఉప్పల్ చుట్టుపక్కల ఊళ్ల పోరగాళ్లకి సినిమా అంటే మద్రాసు రైలెక్కాల్సిన వ్యవహారం కాకుండా పోయిందట. గుంపు సీన్లకి మనుషులు కావాలంటే నారపల్లి నుంచి కూడా సైకిళ్ల మీద పోయేవాళ్లు. మామ రెండు రోజులు గుంపులో నిలబడ్డాడు. రెండో రోజు ఒక మాట కూడా దొరికింది: దొర వస్తున్నాడని పరిగెత్తుకొచ్చి చెప్పాలి. చెప్పాడు. సినిమా వచ్చాక దోస్తులందర్నీ వెంటేసుకుని పోయాడు. తెర మీద మూతి తనదే, గొంతు తనది కాదు. "నా నోట్ల ఇంకెవడో మాట్లాడిండు అల్లుడా" అంటాడు, జోకు చెప్పినట్టు.

ఆ జోకు నాకు మళ్లీ గుర్తొచ్చింది ఆస్కార్ నియమాలు చదువుతున్నప్పుడు. 2020 సెప్టెంబరులో అకాడమీ వాళ్లు ఉత్తమ చిత్రం పోటీకి కొన్ని ప్రమాణాలు ప్రకటించారు, 2024 ఆస్కార్ నుంచి అవి తప్పనిసరి. నాలుగు ప్రమాణాల్లో రెండు తీర్చాలి. తెర మీద ఎవరున్నారు, తెర వెనక ముఖ్యమైన పనుల్లో ఎవరున్నారు, శిక్షణకీ ఉద్యోగాలకీ ఎవరిని తీసుకున్నారు, ప్రచారం చేసే విభాగాల్లో ఎవరున్నారు. మొదటిదాన్ని తీర్చే దారుల్లో ఒకటి, ముఖ్య పాత్రధారుల్లో కనీసం ఒకరు తక్కువ ప్రాతినిధ్యం ఉన్న జాతి నుంచి రావడం. ఆ జాతుల జాబితాలో 'ఏషియన్' అని ఒక గడి ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఫామ్‌లో గడులు ఎందుకు పెడతారో, ఒక గడిలో ఎంతమందిని కుక్కచ్చో బాగానే తెలుసు. 'ఏషియన్' గడి లెక్కన తెలుగులో ఇప్పటిదాకా వచ్చిన ప్రతి సినిమా మొదటి ప్రమాణం పాసే. హీరో పాస్, విలన్ పాస్, దొర వస్తున్నాడని చెప్పిన మామ కూడా పాస్. లాస్ ఏంజెలెస్ నుంచి చూస్తే భీమవరం, బాన్సువాడ, జోడేఘాట్ అన్నీ ఒకే చుక్క. తప్పు వాళ్లది కాదు, వాళ్ల గొడవ వేరు. తెల్లవాళ్లే తెల్లవాళ్లకి బహుమతులు ఇచ్చుకుంటున్నారన్న నిందకి అది జవాబు. మన గొడవ ఇంకోటి. అది గడులతో తేలదు, ఎందుకంటే తెలుగు సినిమాలో తెలంగాణ భాష లేకుండా ఎప్పుడూ పోలేదు. ఉంది. ఎక్కడ నిలబెట్టారన్నదే కథ.

కొంచెం వెనక్కి పోవాలి. 1938లో 'మాలపిల్ల' వచ్చింది. కథ చలం, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మం, డబ్బు చల్లపల్లి జమీందారుది, మాటలు తాపీ ధర్మారావువి. మాలపిల్లని ప్రేమించిన బ్రాహ్మణ యువకుడు, హరిజనుల ఆలయ ప్రవేశం. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో వేరే చెప్పక్కర్లేదు. ఈ సినిమా గురించి కులం వైపు నుంచి చాలామంది రాశారు. నన్ను పట్టుకున్నది మాటలు. తాపీ ధర్మారావు గిడుగు రామమూర్తి శిష్యుడు. గ్రాంథికం మీద పోరాడిన ఆ బడి నుంచి వచ్చి, తెర మీద మనుషుల చేత మనుషుల్లా మాట్లాడించాడు. అప్పటిదాకా పద్యనాటకంలా సాగిన తెలుగు సినిమాకి అది నిజంగా తలుపు తెరవడమే.

అయితే ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన 'వాడుక భాష' ఎవరి వాడుక? గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చదువుకున్నవాళ్లు ఇంట్లో మాట్లాడే తెలుగు. మద్రాసు స్టూడియోల్లో పనిచేసే రచయితలు ఎక్కువగా అక్కడివాళ్లే, పెట్టుబడీ ఎక్కువగా అక్కడిదే. కుట్ర ఏమీ లేదు. తమ ఇంటి భాషని వాళ్లు అందరి భాష అనుకున్నారు, అంతే. నిజాం రాజ్యంలో ఉన్న మనవాళ్లకి అప్పుడు బడి ఉర్దూలో. రాష్ట్రాలు కలిశాక, స్టూడియోలు ఒక్కొక్కటే హైదరాబాద్ వచ్చాక, కెమెరా మా ఊళ్ల మధ్యకి వచ్చింది. మాటల రచయిత కాగితం మాత్రం పాతదే.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. ఈ వ్యాసం కూడా ఆ కాగితం మీదే రాస్తున్నాను. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారంలోనే "వచ్చిన, పోయిన" మానేసి "వచ్చాను, వెళ్లాను" మొదలుపెట్టాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. క్లాసులో ఒకసారి నవ్వారు, అంతే. ఆ నవ్వు నాకు కొత్త కాదు. సినిమా హాల్లో నేనూ అదే నవ్వు నవ్వేవాణ్ణి.

ఎందుకంటే 'ప్రతిఘటన'. 1985, టి. కృష్ణ సినిమా. కోట శ్రీనివాసరావు రాజకీయ నాయకుడు కాశయ్యగా తెలంగాణ మాట్లాడతాడు. కోటది కృష్ణా జిల్లా కంకిపాడు. ఆ యాసని ఆయన ఎంత బాగా పట్టాడంటే మామ ఇప్పటికీ ఆ గొంతు అనుకరిస్తాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతోనే యాస దారి కూడా ఖాయమైంది: మోటు రాజకీయ నాయకుడికి, రౌడీకి, కమెడియన్‌కి, ఇంట్లో పనివాడికి. 1992లో 'మొండి మొగుడు పెంకి పెళ్లాం'లో విజయశాంతి హీరోయిన్‌గా ఈ భాష మాట్లాడింది, మంచిదే. కానీ పేరులోనే ఉంది చూడండి, ఆ భాష పెంకితనానికి గుర్తు. హీరో ప్రేమలేఖ రాయాలంటే, తల్లి కొడుక్కి నీతి చెప్పాలంటే, జడ్జి తీర్పు చదవాలంటే భాష మారిపోవాల్సిందే.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది 2015 'రుద్రమదేవి'. కాకతీయుల కథ. ఓరుగల్లు రాణి నున్నటి, పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. గోన గన్నారెడ్డి తెలంగాణ మాట్లాడతాడు, ఎందుకంటే అతను గజదొంగ. ఓరుగల్లుని ఏలిన మనిషికి ఓరుగల్లు భాష అక్కర్లేదు, దారి కాచేవాడికి కావాలి! పదమూడో శతాబ్దంలో ఎవరు ఎట్లా మాట్లాడారో ఎవరికి తెలుసు, ఆ రెండూ కల్పనలే. అయినా రెండు కల్పనల్లో ఏది ఎవరికి పంచారన్నది కల్పన కాదు కదా. హాలంతా గన్నారెడ్డికే ఈలలు వేసింది. నేనూ వేశాను. రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది, మన భాష హీరోగారి నోట వినడమే పండగ అప్పుడు.

దీనికి ఎదురు చరిత్ర లేదని కాదు. 1980లో విడుదలైన 'మా భూమి'లో ఈ భాష ఏడ్చింది, కోపగించుకుంది, తిరగబడింది, పాడింది. బండి యాదగిరి పాటని గద్దర్ తెర మీద పాడాడు. తమాషా ఏమిటంటే ఆ సినిమా దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. నిర్మాతల్లో బి. నర్సింగరావు తర్వాత తనే తీసిన 'దాసి' (1988)కి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి, కళాదర్శకత్వానికి తోట వైకుంఠంతో సహా. గడులు నింపే పద్ధతిలో అయితే 'మా భూమి' దర్శకుడి దగ్గర 'స్థానికుడు కాడు' అని రాయాలి. అయినా దొర గడిలో ఒక మనిషి ఎట్లా నిలబడతాడో, ఎట్లా గొంతు తగ్గిస్తాడో అంత దగ్గరగా చూపించిన సినిమాలు ఎన్ని ఉన్నాయి? పుట్టిన ఊరు చాలదనీ, కొన్నిసార్లు అక్కర్లేదనీ ఈ సినిమా వల్లే ఒప్పుకోవాల్సి వస్తుంది. కాకపోతే ఆ రెండు సినిమాలూ నేను చూసింది హాస్టల్లో, లాప్‌టాప్‌లో. మామ చూడనే లేదు.

2017లో 'ఫిదా' వచ్చాక లెక్క మారింది. బాన్సువాడ భానుమతి ప్రేమించింది, అలిగింది, తండ్రిని వదిలి పోనని మొండికేసింది, అన్నీ ఒకే భాషలో. సాయిపల్లవి నీలగిరుల అమ్మాయి, అయినా డబ్బింగ్ తనే చెప్పుకుంది. ఆ తర్వాత ఇది ఫ్యాషన్ కూడా అయింది, ముఖాలకి బొగ్గు రంగు పూసి 'మాస్' అనడం వేరే సంగతి.

2023లో 'బలగం'. వేణు యెల్దండి తీశాడు. చావింట్లో పిట్ట ముట్టలేదన్న దిగులు చుట్టూ కథ మొత్తం. ఊళ్లలో తెరలు కట్టి, జనం చాపలేసుకుని కూర్చుని చూశారు. చివర్లో వరంగల్ జిల్లా బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు కథ చెప్తారు. వాళ్ల మూతి, వాళ్ల గొంతు, వాళ్ల పాట. మామ పక్కన కూర్చుని చూశాను. ఏడ్చాడో లేదో చెప్పను. బయటికొచ్చి, "ఆళ్లకు డబ్బింగ్ ఎవ్వలు చెప్పలే" అన్నాడు. 2024 డిసెంబరులో మొగిలయ్య పోయాడని వార్త వచ్చినప్పుడు మొదట ఫోన్ చేసింది కూడా మామే.

2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చింది. 2014 నుంచి 2023 దాకా ఏడాదికొక ఉత్తమ చిత్రం ప్రకటిస్తే, అందులో మొదటి నుంచి చివరి దాకా ఈ నేల భాషలో నడిచేది 'బలగం' ఒక్కటే అని నా లెక్క. 2021కి 'ఆర్ఆర్ఆర్'.

'ఆర్ఆర్ఆర్' దగ్గరే నా ఫిర్యాదు నాకే ఎదురు తిరిగింది.

అందులో కొమురం భీం తెలంగాణ మాట్లాడతాడు. సుద్దాల అశోక్‌తేజ రాసిన పాట, కొరడా దెబ్బలు, జూనియర్ ఎన్టీఆర్ గొంతులో మన యాస. ప్రపంచమంతా చూసిన సినిమాలో, ఇద్దరు హీరోల్లో ఒకడికి మన భాష. ఉప్పల్‌లో చూసి ఛాతీ ఉబ్బించుకుని నారపల్లి వచ్చాను. అంతకుముందు 2020 అక్టోబరులో టీజర్‌లో భీం టోపీతో కనబడినప్పుడు పెద్ద గొడవైంది, ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు హెచ్చరికలు చేశారు. తల మీద ఏముందన్న దాని గురించి నెలల తరబడి టీవీల్లో చర్చ. నోట్లో ఏముందన్న ఊసు నేను చూసిన చర్చల్లో లేదు. నాకూ తట్టలేదు.

భీం గోండు. ఇంట్లో, గూడెంలో ఆయన భాష గోండి. గోండి తెలుగుకి యాస కాదు, దానిది వేరే వ్యాకరణం, వేరే కథలు, వేరే దేవుళ్ల పాటలు. కోస్తా తెలుగు నా భాషని ఏ చోట నిలబెట్టిందని ఇంతసేపు లెక్క చెప్పానో, అదే పని నా భాష గోండికి చేసింది, పైగా నాతో చప్పట్లు కొట్టించుకుని. 'మాలపిల్ల'లో తలుపు తెరిచిన వాడుక భాష గుమ్మంలోనే నిలబడ్డట్టు, ఇప్పుడు గుమ్మంలో మేం నిలబడ్డాం.

సినిమా చివర్లో రామరాజు ఏం కావాలో కోరుకో అంటే భీం చదువు అడుగుతాడు. అసలు భీం చంద్రాపూర్ ప్రాంతంలో ఒక అచ్చాపీసు నడిపే మనిషి దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితకథల్లో ఉంది. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ని చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తని పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకి శిక్షణ కేంద్రం పెట్టారు, గోండిలోనే వాచకాలు, దేవనాగరి లిపిలో అచ్చేసినవి. అంటే భీం పోయిన మూడేళ్లకి ఆ అడవిలో పిల్లలు సొంత భాషలో అక్షరాలు దిద్దారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం, పట్టింది. కానీ పొద్దున లేచి ఇంకాస్త వెతికాను.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి రాతప్రతులు దొరికాయి, వాటికి సొంత లిపి ఉంది. జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసినవాళ్లు దాన్ని వెలుగులోకి తెచ్చారు. 2018లో 'గుంజాల గోండి' యూనికోడ్‌లోకి ఎక్కింది. అదే ఏడాది నేను ఆఫీసులో యూనికోడ్ బగ్గులే సరిచేస్తూ కూర్చున్నాను. విడుదల చేసిన లిపుల జాబితా నా స్క్రీన్ మీద నుంచే పోయుండాలి.

పోయిన నెల ఆదివారం మామ వచ్చాడు. ఫ్లైఓవర్ పిల్లర్ల దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నాడు. టీవీలో 'ఆర్ఆర్ఆర్' వస్తోంది, కొరడా సీన్. భీం ఇంట్లో ఇట్లా మాట్లాడేవాడు కాదు మామా, గోండి మాట్లాడేవాడు అన్నాను.

మామ కాసేపు టీవీ వైపే చూశాడు.

"అయితే ఆయన నోట్ల మనోళ్లు మాట్లాడిన్రన్నట్టు."

ఫోన్లో గుంజాల అక్షరాలు తీసి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో పెద్దవి చేసి చూసి, ఫోన్ నా చేతికిచ్చాడు.

"సదువు" అన్నాడు.

నాకు రాదన్నాను.