బీదరు ఎఱ్ఱనేలయు పాతబడిన పురుగుమందులును

బీదరు చరిత్ర వ్రాయువారు కోటను, మహమూద్ గవాన్ మదరసాను, బిద్రీ పనితనమును తప్పక వర్ణింతురు. వాని కాధారమైన మన్నును గూర్చి వ్రాసినవారు తక్కువ. బిద్రీ పాత్రకు నల్లని నిగ్గు తెచ్చునది కోటలోని పాతమన్నే గదా! ఆ మన్నునకు గత డెబ్బది యేండ్లుగా పొంచియున్న యొక ప్రమాదమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

బీదరు పీఠభూమి పైపొర లాటరైటు అను ఎఱ్ఱరాయి. కోట చుట్టునున్న మూడు వరుసల కందకము దీనిలోనే తొలువబడినది. ఈ రాతిలో రంధ్రములు మెండు. వాననీరు దానిలో నింకి, అడుగుననున్న బసాల్టు అను నల్లరాతి పొరను చేరి, అచట ప్రక్కకు పాఱును. 15వ శతాబ్దమున అహ్మద్ షా వలీ బహమనీ రాజధానిని గుల్బర్గా నుండి ఇచటికి మార్చిన పిమ్మట, పారశీక విద్య నెఱిగిన పనివారు ఈ మర్మమును గ్రహించి కరేజులను నిర్మించిరి. ఊరి వెలుపల తల్లిబావి త్రవ్వి, అచటినుండి భూగర్భమున సొరంగము తొలిచి, నడుమ నడుమ గాలిబావులను నిలిపి, నీటిని వాలుననే పట్టణమునకు తెచ్చుట ఆ పద్ధతి. స్థానికులు దీనిని సురంగబావి యందురు. నౌబాదు కరేజు ఇట్టిదే. దాని పూడిక 2015 ప్రాంతమున తీయబడినది. ఇందలి విశేష మొక్కటి గుర్తుంచుకొనవలెను: పట్టణపు నీరు పుట్టుచోటు పట్టణమున లేదు, జనావాసమునకు దూరమున నున్నది.

ఇక విషము వచ్చిన త్రోవను చూతము. డి.డి.టి. కీటకనాశక గుణమును 1939లో పాల్ ముల్లర్ కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ప్రారంభము కాగా డి.డి.టి. ఇంటి గోడల కెక్కినది. పొలములకు గమెక్సీను పొడి, అనగా బి.హెచ్.సి., వచ్చినది. ఈ పొడిలో పురుగును చంపు అంశము నూటికి పది పదునైదు పాళ్లు మాత్రమే. తక్కినది పనికిమాలిన సరకు. అయినను నేలలో చిరకాలము నిలుచునది ఆ తక్కిన భాగమే. దీనిని తెలుగువారు మందు అందురు. ఇచటి కన్నడిగులు ఔషధ మందురు, ఉర్దూవారు దవా యందురు. మూడు భాషలును కలిసి విషమునకు మంచిపేరు పెట్టిన విషయములలో ఇది యొకటి. మందు అనుకొనినవాడు దానిని పారవేయడు, దాచుకొనును.

తరువాత నిషేధములు వరుసగా వచ్చెను. వ్యవసాయమున డి.డి.టి. 1989లోను, ఆల్డ్రిన్ 1996లోను, బి.హెచ్.సి. 1997లోను నిలిపివేయబడెను. ఎండోసల్ఫానును 2011 మే 13న సర్వోన్నత న్యాయస్థానము ఆపివేసెను. కందిపంట ప్రధానమైన ఈ ప్రాంతమున కాయతొలుచు పురుగునకు వాడిన మందులలో ఎండోసల్ఫాను ముఖ్యమైనది. నిషేధము అమ్మకమును ఆపును గాని గిడ్డంగిలోని సంచిని ఏమి చేయును? పాతబడిన పురుగుమందులు ప్రపంచమున సుమారు 5 లక్షల టన్నులు పేరుకొనియున్నవని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అంచనా.

1968 నాటి కీటకనాశక శాసనమును అనుసరించి 1971లో నియమావళి వెలువడెను. అందలి 44వ నియమము ఖాళీ డబ్బాలను పగులగొట్టి జనావాసమునకు దూరముగా పాతిపెట్టవలెనని చెప్పినది. నల్లరేగడి నేలలో ఆ మాట కొంత చెల్లునేమో. బీదరు ఎఱ్ఱరాతిపై దాని అర్థము తలక్రిందులగును. ఇచట జనావాసమునకు దూరమన్నచో తల్లిబావికి దగ్గఱ యనియే కావచ్చును. విధేయుడైన వాడే నీటిమూలమున విషమును పాతినవాడగును. గడువుతీరిన సరకును వేఱుచేసి, ముద్రవేసి, ప్రత్యేకస్థలమున నుంచవలెనను 10ఎ నియమము పిమ్మట చేర్చబడినది. పాతిన గోతిని అది పైకి తీయజాలదు.

గోదామునుండి నేలకు విషము దిగుట ఊహామాత్రము కాదు. కర్ణాటక సరిహద్దుననున్న కాసరగోడు జిల్లాలో జీడితోటలపై 2000 వఱకు ఎండోసల్ఫానును విమానములతో చల్లిరి. మిగిలిన సరకు గోదాములలో నుండిపోగా, 2012లో కారుచున్న పాత పీపాలనుండి క్రొత్తవానికి మార్చవలసి వచ్చెను. భోపాలు మాట చెప్పనేల! 1984 డిసెంబరు దుర్ఘటన అందఱెఱుగుదురు. ఆ పురుగుమందుల కర్మాగారపు ఆవరణలో మిగిలిన వ్యర్థములను, కలుషితమైన మన్నును తక్కువమంది తలంచిరి. పరిసరవాసులకు శుభ్రమైన నీరిమ్మని 2004లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశింపవలసి వచ్చెను. అచటి 337 టన్నుల వ్యర్థము పీథంపురమునకు కదలినది 2025 జనవరిలో. నలువది యేండ్లు!

బీదరు పారిశ్రామిక ప్రాంతమును కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్రకలుషిత ప్రదేశములలో చేర్చి 67.64 అంకముల నిచ్చినది. మన పొరుగుననున్న పటాన్‌చెరువు–బొల్లారము అంకము 70.07. ఆ లెక్క కర్మాగారములను గూర్చినది. పల్లెల పాతగోతులను గూర్చినది కాదు. 44వ నియమము పాతుమన్నదే గాని పాతినచోటు వ్రాసియుంచుమనలేదు. కావున ఆ చోట్లు మనుష్యుల జ్ఞాపకమున మాత్రమే యుండును. మలేరియా దళములలో పనిచేసినవారు, సహకారసంఘముల గోదాములకు కాపలాయున్నవారు, ఎరువుల దుకాణములు నడిపినవారు, 1956లో విడిపోయిన పాత బీదరు జిల్లాయందంతటను, అనగా జహీరాబాదు, నారాయణఖేడు మొదలు ఉద్గీరు వఱకు, వృద్ధులై యున్నారు. వారిని అడుగవలసిన ప్రశ్నలు మూడు: సరకు ఎచట నుంచిరి? నేల గచ్చుదా, మన్నుదా? మిగిలినదానిని ఏ దిక్కున పాతిరి? ఆ సమాధానములను గ్రామపటముపై గుర్తించి, కరేజుల పటమును దాని ప్రక్కన నుంచి చూచినచో, మన్ను పరీక్ష ఎచట మొదలిడవలెనో తెలియును.